పాత పోలీస్ సీరియల్‌లో ఆ కాలాన్ని ఎలా చూడాలి

ముందు హంతకుడెవరో కనిపెట్టే పని పక్కన పెట్టేయండి. సీరియల్లో ఎవరూ ఆశ్చర్యపోకుండా మామూలుగా జరిగిపోయేవేంటో గమనించండి, అప్పటి జనం సంగతి అక్కడే తెలుస్తుంది. బ్రిటన్ సీరియల్స్‌తో మొదలుపెడితే ఈజీ, వరసగా పోల్చి చూడొచ్చు.

బీబీసీలో 1955లో మొదలైన డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్ తీసుకోండి. డిక్సన్ పేటంతా తెలిసిన పెద్దాయన, కెమెరా వైపు చూసి మనకి గుడ్ ఈవినింగ్ చెప్పి కథ మొదలుపెడతాడు. యుద్ధం అయిపోయి పదేళ్లు, అలాంటి పోలీసు ఉంటే బాగుండని జనానికి ఉంది, కాబట్టి చూసిందంతా ఉన్నదే అనుకోకండి, కోరుకున్నది కూడా అందులో కలిసుంటుంది.

1962లో జెడ్ కార్స్ వచ్చేసరికి పోలీసు కారెక్కేశాడు, లివర్‌పూల్ దగ్గర కొత్త కాలనీలు, ఎవరికి ఎవరూ తెలీదు, పైగా మొదటి ఎపిసోడ్‌లోనే ఒక కానిస్టేబుల్ భార్య కన్ను కమిలి ఉంటుంది, కొట్టింది మొగుడే. పోలీసు పెద్దలకి ఇది అస్సలు నచ్చలేదు.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది నిందితుడిని ప్రశ్నించే గది. ద స్వీనీ (1975–78)లో డిటెక్టివ్ రీగన్‌కి రూల్స్ అంటే చిరాకు, అరుస్తాడు, బెదిరిస్తాడు, చెయ్యి కూడా చేసుకుంటాడు, హీరో మాత్రం ఆయనే! ఆ సీరియల్ లండన్ పోలీసుల్లో దోపిడీ దొంగల్ని పట్టే ఫ్లయింగ్ స్క్వాడ్ అనే దళం మీద తీసింది, అది టీవీలో వస్తుండగానే 1977లో ఆ స్క్వాడ్ నిజమైన మాజీ అధిపతి కెనెత్ డ్రూరీ అవినీతి కేసులో జైలుకెళ్లాడు. అదే 1991లో ప్రైమ్ సస్పెక్ట్ చూడండి, టేబుల్ మీద టేప్ రికార్డర్ ఉంటుంది, టైమ్, గదిలో ఎవరెవరున్నారో చెప్పాకే ప్రశ్నలు. మధ్యలో నిందితుల్ని పోలీసులు ఎలా ప్రశ్నించాలో చెప్పే 1984 చట్టం (పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ యాక్ట్) వచ్చింది మరి. 1991లోనే బర్మింగ్‌హామ్ సిక్స్, అంటే పబ్ బాంబు పేలుళ్ల కేసులో తప్పుగా శిక్ష పడ్డ ఆరుగురు, 16 ఏళ్ల జైలు తర్వాత బయటికొచ్చారు, పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్లని జనం గుడ్డిగా నమ్మే రోజులు పోయాయి. అందుకే ఏ సీరియల్ చూసినా అదే ఏడాది పేపర్లు కూడా తిరగేయండి, ఈ పని మాత్రం మానకండి.

తర్వాత మన దూరదర్శన్ ఉడాన్ (1989) మీద ఇదే చేసి చూడండి. ఐపీఎస్ అయిన తన అక్క కంచన్ చౌదరి భట్టాచార్య జీవితం ఆధారంగా కవితా చౌదరి రాసి, తీసి, నటించింది. ఇందులో కేసుల కంటే ముందు ఇల్లు చూడండి, ఆడపిల్ల పెద్ద చదువు చదువుతానంటే ఇంట్లో ఎవరు వెనక నిలబడ్డారు, ఎవరు అడ్డుపడ్డారు, యూనిఫాం వేసుకున్నాక ఆమెతో ఎవరి మాట తీరు మారింది, ఎవరిది మారలేదు అనేది ఎపిసోడ్ వారీగా రాసుకుంటూ వెళ్లండి.