తెల్ల తెరలో కలిసిపోయిన మల్లెపూలు

అమలాపురంలో మా స్టూడియో పొడవు 14 అడుగులే. మొన్న ఓణీల ఫంక్షన్ అమ్మాయికి హై కీ ఫొటో (వెనకంతా తెల్లగా వెలిగే ఫొటో) తీస్తే జడలో మల్లెపూలు మాయం! చెవి అంచు కూడా తెలుపులో కరిగిపోయింది. "పూలేవండీ?" అంది వాళ్ళమ్మ.

ముందు ఎక్స్‌పోజర్ తగ్గించి చూశాను. ముఖం నల్లబడింది, అంతే. లైట్ మీటర్ పెడితే అసలు సంగతి బయటపడింది: ముఖం దగ్గర ఎఫ్ 8, తెర దగ్గర ఎఫ్ 22 (మీటర్‌లో ఎఫ్ అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువని). ఏకంగా 3 స్టాపుల తేడా, ఒక్కో స్టాప్‌కీ వెలుగు రెట్టింపు! తెర తెల్లగా రావడానికి ఒక్క స్టాప్ చాలు. వెనక లైట్లు ఎఫ్ 11కి దించి, అమ్మాయిని తెరకు 6 అడుగులు ముందుకు జరిపాను. ఆ వెలుగు జడ మీదికి చిమ్మకుండా నల్ల రంగు వేసిన థర్మాకోల్ షీట్లు రెండు అడ్డం పెట్టాను.

ఇప్పుడు రేకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ పిల్ల కనకాంబరాలు పెట్టుకుని వచ్చుంటే నాకీ తప్పు తెలిసేదే కాదు.