కొండ కింద ఇల్లుంటే ముసురు రోజుల్లో ఏం చూసుకోవాలి

మాది పాడేరు కొండల్లో కాఫీ తోట. ఇల్లు వాలు కిందే. ముసురు పట్టిందంటే, ఎన్ని పనులున్నా మా అత్త ముందు ఊట దగ్గరికి వెళ్లొస్తుంది. ఈమధ్య కొండను జేసీబీతో చెక్కించి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారు. కొండచరియలు జారే ప్రమాదం గురించి మా అత్త దగ్గర నేర్చుకున్నవి వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఇంకా స్థలం చూసుకునే దశలోనే ఉంటే, రెండు వాలులు కలిసి గొయ్యిలా దిగే చోటు వదిలేయండి. ఎండాకాలంలో పొడిగా, చదునుగా ముచ్చటగానే ఉంటుంది. కానీ వాన నీరు చేరేది అక్కడికే, మట్టి జారినా వచ్చేది ఆ దారినే. అక్కడి పొలంలో ఏనుగంత బండలుంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డు కూడా వద్దు. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో పుంచిరిమట్టం ఊరి పైన కొండ జారితే, ఆ బురదా బండలూ ఏటి వెంటే దిగి, కింద ఎక్కడో ఉన్న చూరల్‌మల ఊరిని ఊడ్చేశాయి. అదే ఏడాది సెప్టెంబరు వానలకు మన గూడెంకొత్తవీధి మండలంలోనూ కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి.

ఇల్లు కట్టేసి ఉంటే చేయాల్సిందల్లా నీళ్లను దారి మళ్లించడం. మన కొండల్లో రాయి చాలాచోట్ల లోపలిదాకా కుళ్లి ఎర్రమట్టయిపోయింది, నీరు తాగితే బరువెక్కి జారుతుంది. ఇంటి పైవైపు అడ్డంగా కాలువ తీసి పక్కకు వదలండి, వానలకు ముందే ఆకులు ఎత్తిపోయండి. బాత్‌రూమ్ నీళ్లు, ట్యాంకు పొంగిన నీళ్లు వాలులోకి పోనివ్వొద్దు. వెనక గోడ సిమెంటు పెట్టని రాతికట్టు అయితే సందుల్లోంచి నీరు కారిపోతుంది. సిమెంటు గోడైతే పైపు ముక్కలు పెట్టి కన్నాలు ఉంచమనండి. మేస్త్రి అందం పోతుందంటాడు, వినకండి. గట్టు మీద కొండచీపురు, వెదురు ఉంటే పీకొద్దు. పసుపు మాత్రం ఇంటి పైవాలులో వేయకండి, దుంప తవ్విన ప్రతిసారీ నేల గుల్లవుతుంది.

ఇక ఊట సంగతి. మా అత్త బిందె నింపి, కదపకుండా పక్కన పెట్టి, కాసేపయ్యాక పైనీళ్లు మెల్లగా వంచేస్తుంది. అడుగున వేలికి తగిలేంత ఎర్రమట్టి ఉంటే ఆ రాత్రి ఇంట్లో పడుకోనివ్వదు. "నీళ్లు బానే ఉన్నాయి కదా" అంటారు కుర్రాళ్లు. "అడుగు చూసి చెప్పు" అంటుంది. ఎప్పుడూ తేటగా ఉండే ఊట బురదైనా, లేనిచోట కొత్తగా ఊట పుట్టినా, లోపల మట్టి కదులుతోందేమోనని అనుమానించాల్సిందే.

వాలు మీద నెలవంకలా పగులు కనిపిస్తే అటొకటి ఇటొకటి మేకులు పాతి, మధ్య దూరం పుల్లతో కొలిచి ఉంచుకోండి. పగుల్లోకి నీరు దిగకుండా బంకమట్టితో కూరండి. మర్నాటికి పుల్ల చాలకపోతే ఇక ఇల్లు ఖాళీ చేయడమే. తలుపు ఉన్నట్టుండి బిగుసుకోవడం, కరెంటు స్తంభం ఒరగడం కూడా ఈ కోవలోవే.

నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి స్కేలుతో వాన కొలవండి. రోజుకు పదకొండున్నర సెంటీమీటర్లు దాటితే వాతావరణ శాఖ లెక్కలో అతి భారీ వర్షం. అలాగని ఆ అంకె కోసం ఎదురుచూడకండి. వారం ముసురుకు నానిన కొండ అంతకన్నా తక్కువకే జారొచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇది: జోరువానలో గెడ్డ హోరు ఒక్కసారిగా తగ్గిందంటే, పైన మట్టో చెట్లో అడ్డంపడి నీరు నిలిచిందేమోనని అనుకోవాలి. ఆ అడ్డు తెగితే అంతా కలిసి వస్తుంది. గెడ్డ వెంట కిందికి పరుగెత్తకుండా పక్కకు, ఎత్తుకు వెళ్లండి. పశువుల పలుపులు విప్పేయండి. సిగ్నల్ లేని ఊళ్లో డప్పే సైరను. ఫోను పలికితే 112కి చెప్పండి. అనుమానం పగలే వస్తే చీకటి పడకముందే గట్టినేల మీదున్న చుట్టాలింటికి చేరుకోండి.

వాన వెలిసిన రోజే తిరిగి వెళ్లిపోవద్దు. నానిన కొండ ఆ తర్వాత కూడా జారుతుంది. ఊట తేటపడి, మేకుల మధ్య దూరం మారడం లేదని చూసుకున్నాకే సామాను లోపల పెట్టుకోండి.