వియన్నాలో వారం రోజులు – మూడో పాఠం: ఇరవై ఒక్క గళ్లు నింపడం

మొదటి పాఠంలో ఏ నెలలో వెళ్లాలో తేల్చుకున్నాం. రెండో పాఠంలో బస చూసుకున్నాం: మెట్రో స్టేషనుకు ఐదు నిమిషాల నడకలో, చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. ఇప్పుడు అసలు పనికి వచ్చాం. ఒక పెద్ద తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఈ పని ఫోనులో వద్దు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒకేసారి చూడగలిగేది, అందరూ వేలు పెట్టి చూపించగలిగేది కాగితమే.

కాగితం మీద ఏడు నిలువు వరుసలు గీయండి. ఒక్కో వరుసను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడుగా విడదీయండి. మొత్తం 21 గళ్లు. చూడగానే ఎంత సమయం ఉందో అనిపిస్తుంది. వెంటనే చూడాలనుకున్నవన్నీ తలా ఒక గడిలో రాసేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ముందు రాయాల్సినవి మన కోరికలు కావు, ఆ ఊరి నియమాలు.

ఈ పాఠానికి ఉదాహరణగా ఒక కుటుంబాన్ని తీసుకుందాం. అమ్మా నాన్నా, 14 ఏళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ. శనివారం మధ్యాహ్నం వియన్నాలో దిగుతారు, మరుసటి శనివారం ఉదయం బయలుదేరతారు. అంటే కాగితం మీద శనివారంతో మొదలై శుక్రవారంతో ముగిసే ఏడు వరుసలు.

మూసి ఉండే రోజులు ముందు

ఎర్ర పెన్సిలుతో మొదట ఆదివారం మీద గీత కొట్టండి. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రం ఆరింటికే సూపర్ మార్కెట్లు కూడా తలుపులు వేసేస్తాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోనూ విమానాశ్రయంలోనూ ఉన్నవి కొన్ని మాత్రం ఆదివారం నడుస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక మా మొదటి ప్రయాణంలో తొలి రోజే ఇబ్బంది పడ్డాం. శనివారం రాత్రి ఎనిమిదింటికి బసకు చేరాం. సమయ భేదం వల్ల మా బాబు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి పాలు అడిగాడు. ఇంట్లో చుక్క లేదు, వీధిలో ఒక్క దుకాణం తెరిచి లేదు. తెల్లారాక ఇరవై నిమిషాలు నడిచి రైల్వే స్టేషనుకు వెళితే, ఆ పేటలో అందరూ అక్కడికే వచ్చినట్టు వరుస. అందుకే మన కాగితంలో శనివారం సాయంత్రం గడిలో ఒకే ఒక్క మాట రాయండి: సరుకులు. పాలు, రొట్టె, పండ్లు, గుడ్లు, సోమవారం పొద్దుటి దాకా సరిపడా, ఆరింటి లోపే.

నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. వియన్నా కుళాయి నీరు ఆల్ప్స్ పర్వతాల ఊటల నుంచి వస్తుంది. ఆ మొదటి గొట్టపు మార్గం 1873లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఇంటి నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకుంటే చాలు.

ఇప్పుడు మ్యూజియాలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ దేశాన్ని ఏలిన మరియా థెరీసా విగ్రహానికి అటూ ఇటూ అచ్చు కవల పిల్లల్లాంటి రెండు భవనాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒకటి 1889లో తెరిచిన ప్రకృతి చరిత్ర మ్యూజియం, రెండోది 1891లో తెరిచిన కళాచరిత్ర మ్యూజియం. రూపంలో కవలలే గాని సెలవు మాత్రం వేర్వేరు. ప్రకృతి చరిత్ర మ్యూజియానికి మంగళవారం సెలవు. కళాచరిత్ర మ్యూజియానికి వేసవి నెలలు తప్ప సోమవారం సెలవు. ఎదురెదురుగా ఉన్నాయి కదా అని రెండింటినీ సోమవారం గడిలో రాసుకున్నవాళ్లు ఒక తలుపు మూసి ఉండగా మెట్ల మీద నిలబడాల్సి వస్తుంది. మన కాగితంలో ప్రకృతి చరిత్ర సోమవారం పొద్దునకు వెళ్లింది. కళాచరిత్ర మ్యూజియం గురువారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది కాబట్టి దాన్ని గురువారం సాయంత్రానికి వేద్దాం. బయలుదేరే వారం ముందు ఆయా మ్యూజియాల వెబ్‌సైట్లలో వేళలు మరోసారి సరిచూసుకోండి. పండుగ రోజుల్లో మారుతుంటాయి.

ఈ రెండింటిలోనూ 19 ఏళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం. డబ్బు మిగలడం ఒక్కటే కాదు దీని వల్ల లాభం. పిల్లలకు టికెట్టు కొననప్పుడు ‘డబ్బులు పెట్టాం, అన్నీ చూడాల్సిందే’ అనే పట్టుదల మన మనసులోనూ తగ్గుతుంది. గంటన్నర చూసి బయటికి రావచ్చు. ఏడేళ్ల బాబుకు డైనోసార్లు, ఉల్కలు చాలు. విల్లెన్‌డార్ఫ్ వీనస్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆపండి. 1908లో దొరికిన ఆ రాతి బొమ్మ ఎత్తు 11 సెంటీమీటర్లే, అరచేతిలో ఇమిడిపోతుంది. దాదాపు 30 వేల ఏళ్ల నాటిది. ‘దీన్ని చెక్కిన మనిషి దగ్గర ఇనుము లేదు’ అని చెప్పి చూడండి. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు.

రోజుకు ఒకే పెద్ద పని

ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన సాధన ఇదే. రోజుకు ఒకే పెద్ద పని, అదీ పొద్దున గడిలో. మధ్యాహ్నం గడిలో విశ్రాంతి లేదా తేలికైనది. సాయంత్రం గడిలో నడక, భోజనం, బెంచీ మీద కూర్చోవడం. పెద్ద పని అంటే రెండు గంటలకు మించి నిలబడాల్సినది, లేదా టికెట్టు మీద గంట రాసి ఉండేది.

షోన్‌బ్రున్ రాజభవనాన్ని తీసుకోండి. యూ4 అనే మెట్రో లైనులో వెళ్లి, దిగి నడిస్తే వచ్చేస్తుంది. ఆ భవనంలో 1,441 గదులున్నాయి. సందర్శకులకు చూపించేవి కొన్నే, కానీ అవే కాళ్లకు పని చెబుతాయి. సంగీతకారుడు మొజార్ట్ ఆరేళ్ల వయసులో, 1762లో మరియా థెరీసా ఎదుట వాయించింది ఇక్కడే. భవనం వెనుక పెద్ద ఉద్యానం, ఆ చివర గుట్ట మీద గ్లోరియెట్ మంటపం, పక్కన 1752లో మొదలైన జంతు ప్రదర్శనశాల. ఇప్పటికీ నడుస్తున్న జంతు ప్రదర్శనశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే. ఈ నాలుగూ ఒకే రోజు చూడాలనుకుంటే మధ్యాహ్నం మూడింటికి బాబు ఏడుస్తాడు, నాయనమ్మ ఏమీ అనరు గాని పెదవి బిగబట్టి నడుస్తారు. ఆ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నా సలహా ఇది. భవనానికి తొలి వేళ టికెట్టు ముందే కొనండి, ఎందుకంటే దాని మీద ప్రవేశ సమయం రాసి ఉంటుంది, ఆలస్యమైతే చిక్కు. అది ముగిశాక తోటలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం చేయండి. తోటలోకి ప్రవేశం ఉచితం. తరువాత కుటుంబం రెండుగా విడిపోవాలి. నాన్న, బాబు జంతువుల దగ్గరికి. అమ్మాయికి ఓపిక ఉంటే గ్లోరియెట్ పైకి. అమ్మ, నాయనమ్మ నీడలో బెంచీ మీద. నాలుగింటికి అందరూ మెట్రో స్టేషను దగ్గర కలుసుకోవాలి. ఇది మంగళవారం వరుస.

విడిపోవడం అనే మాటకు చాలా కుటుంబాలు ఒప్పుకోవు. ‘కలిసి వచ్చాం, కలిసే చూడాలి’ అంటారు. కానీ ఒక్క వారంలో రెండు మూడు సార్లు రెండు గంటల పాటు విడిపోతే, రాత్రి భోజనం దగ్గర చెప్పుకోవడానికి రెండు కథలు ఉంటాయి. నగరం నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి దీనికి మంచి చోటు. దక్షిణ గోపురం ఎక్కడానికి 343 మెట్లు, ఇరుకైన మెలికల దారి. అమ్మాయికి అది పండుగ. ఉత్తర గోపురానికి లిఫ్టు ఉంది, అక్కడ 20 టన్నులకు పైగా బరువున్న పుమ్మెరిన్ అనే గంట. నాయనమ్మ, బాబు అటు వెళ్తారు. దీన్ని శుక్రవారం పొద్దునకు వేద్దాం. చుట్టుపక్కల వీధుల్లోనే చివరి కొనుగోళ్లు కూడా అయిపోతాయి.

కూర్చుని చూసేవి

నాయనమ్మ కోసం ప్రతి రోజూ కనీసం ఒక ‘కూర్చుని చూసేది’ ఉండాలి. ఆదివారం పొద్దున ప్రాటర్ ఉద్యానానికి వెళ్లండి. అక్కడి పెద్ద చక్రం 1897 నాటిది, ఎత్తు దాదాపు 65 మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయాక తిరిగి నిలబెట్టినప్పుడు 30 పెట్టెలకు బదులు 15 మాత్రమే పెట్టారు. నెమ్మదిగా తిరుగుతుంది, ఒక్కో పెట్టె చిన్న గదంత ఉంటుంది, తల తిరుగుతుందన్న భయం అక్కర్లేదు. దుకాణాలు లేని ఆదివారానికి ఇంతకన్నా తగిన పని నాకు తోచలేదు.

గురువారం సాయంత్రం కళాచరిత్ర మ్యూజియంలో చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మలున్న గదికి నేరుగా వెళ్లండి. మా అత్తగారు అక్కడ 1563 నాటి ‘బాబెల్ గోపురం’ చిత్రం ఎదుట అరగంట కూర్చున్నారు. దూరం నుంచి అది పెద్ద గోపురం. దగ్గరికి వెళితే చీమలంత మనుషులు, రాళ్లు పైకెత్తే యంత్రాలు, ఎడమ మూలన రాజు, ఆయన ముందు మోకరిల్లిన శిల్పులు. ‘వీళ్ల చేతుల్లో పని ఆగిపోయింది, రాజు వచ్చాడని’ అన్నారావిడ. ఆ తరువాత మేం మరో గదికి వెళ్లలేదు, వెళ్లాలనిపించలేదు. అదే రోజు పొద్దున అమ్మాయికి బెల్వెడేర్ భవనంలో క్లిమ్ట్ గీసిన ‘ముద్దు’ చూడాలని ఉంటే అమ్మతో వెళ్లిరావచ్చు. అప్పుడు సాయంత్రం మ్యూజియం అమ్మాయికి ఐచ్ఛికం.

ఖాళీ వరుస

బుధవారం ఇంకా ఖాళీగా ఉంది కదా, అలాగే ఉంచండి. అన్నిటికన్నా బరువైన మంగళవారం తరువాత అది రావడం కావాలని చేసిందే. మంగళవారం జోరున వాన పడితే షోన్‌బ్రున్ తోట, జంతువులు బుధవారానికి జరుగుతాయి. వాన పడకపోతే ఆలస్యంగా లేచి, డాన్యూబ్ ద్వీపానికి వెళ్లి నీళ్ల ఒడ్డున కూర్చోవచ్చు. వరదల నుంచి ఊరిని కాపాడేందుకు మనుషులు కట్టిన ఆ ద్వీపం పొడవు 21 కిలోమీటర్లు. రైల్లో గంటలో వెళ్లగల బ్రాటిస్లావా, అంటే పక్క దేశం స్లొవేకియా రాజధాని మీద మనసు పడేవాళ్లు ఈ గడినే చూస్తారు. పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబానికి నేను వద్దనే చెబుతాను. మరో రాజధానిని సగం రోజులో చూడటం కన్నా ఈ రాజధానిలో ఒక మధ్యాహ్నం నిద్రపోవడం మేలు.

ఈ వారం అభ్యాసం

మీ 21 గళ్లు గీయండి. ముందు ఎర్ర పెన్సిలుతో సెలవులు, తరువాత నల్లగా రోజుకు ఒక్క పెద్ద పని. ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: ‘ఇది చూడకుండా తిరిగి వస్తే బాధపడేది ఏది?’ ఒక్కొక్కరికి ఒకే జవాబు. ఏడేళ్ల బాబు జవాబు చక్రం ఎక్కడమే అయినా, దానికి గడి దొరకాలి. ఆ తరువాత మెట్రో పటం పక్కన పెట్టుకుని, ఒక రోజులో రాసిన చోట్ల మధ్య రైలు ఎన్నిసార్లు మారాలో గడి మూలలో అంకె వేయండి. రెండు దాటిన చోట రబ్బరు తీయండి. చెరిపినవాటిని కాగితం వెనుక వైపు రాసి ఉంచండి, నాలుగో పాఠంలో టికెట్ల లెక్క వేసేటప్పుడు వాటితో పని ఉంటుంది.