కెర్నల్ అప్‌డేట్ అయ్యాక జీపీఐఓ పిన్ పలకడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

మా మేడ మీద ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును నడిపేది ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, అంటే ఒక చిన్న కంప్యూటర్. దాని జీపీఐఓ పిన్, అంటే ప్రోగ్రామ్‌తో ఆన్, ఆఫ్ చేయగల పిన్, రిలే అనే స్విచ్ ద్వారా మోటారును తిప్పుతుంది. ఒక రాత్రి సిస్టమ్ అప్‌డేట్ చేసి, రీబూట్ కొట్టి పడుకున్నాను. తెల్లారి కుళాయి తిప్పితే గాలి వచ్చింది. లాగ్ నిండా ఒకటే లైను: "రైట్ ఎర్రర్: ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్". రిలే విప్పి చూశాను, బాగానే ఉంది. స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు. మారింది కెర్నలే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం.

లక్షణం: ఎక్స్‌పోర్ట్ ఫైల్లో పిన్ నంబరు 17 అని రాస్తే ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటోంది

కారణం: మనం వాడుతున్నది సిస్‌ఎఫ్ఎస్ జీపీఐఓ, అంటే ఎక్స్‌పోర్ట్ ఫైల్లో నంబరు రాసి పిన్‌ను తెరిచి, ఫైళ్ల ద్వారానే నడిపే పద్ధతి. 2008లో లినక్స్ 2.6.27తో వచ్చిన పాత దారి. అందులో సిస్టమ్‌లోని పిన్‌లన్నిటికీ కలిపి ఒకటే వరుస. వీధి పేర్లు లేకుండా ఊరంతటికీ ఒకే వరుసలో ఇంటి నంబర్లు వేసినట్టు. ఒక్కో చిప్‌కు ఒక మొదటి నంబరు, అంటే బేస్ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో అది ఎన్నాళ్లో 0గా ఉంది కాబట్టి 17వ పిన్ 17గానే పలికింది. 6.6 కెర్నల్‌కు వచ్చేసరికి బేస్ 512 అయింది. ఇప్పుడు అదే పిన్ 529.

సిస్ కింద క్లాస్, దాని కింద జీపీఐఓ ఫోల్డర్‌లో చూడండి. "జీపీఐఓచిప్512" కనిపిస్తే మీ సమస్య ఇదే.

పరిష్కారం: 512 కలిపేస్తే ఈ పూటకు మోటారు తిరుగుతుంది. నేనూ ఆ పొద్దున అదే చేశాను, ఇంట్లో నీళ్లు కావాలి కనుక. కానీ దాన్ని అలాగే వదిలేయొద్దు. ఆ నంబరు ఏ డ్రైవర్ ముందు లేచిందన్న దాన్ని బట్టి మారగలదు. స్థిరంగా ఉంటుందని కెర్నల్ ఎప్పుడూ మాట ఇవ్వలేదు.

సరైన దారి క్యారెక్టర్ డివైస్, అంటే ఒక్కో చిప్‌ను ఒక డివైస్ ఫైలుగా తెరిచి, పిన్‌ను అడిగి తీసుకునే పద్ధతి. 2016లో 4.8 కెర్నల్‌తో వచ్చింది, పాతదాన్ని అప్పటి నుంచే వాడొద్దంటున్నారు. దీనికి లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీ, దాంతోపాటు వచ్చే టూల్స్ ఉన్నాయి. "జీపీఐఓడిటెక్ట్" చిప్‌లను చూపిస్తుంది, "జీపీఐఓఇన్ఫో" ఒక్కో లైను (అంటే పిన్) పేరు, దాన్ని ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. పిన్‌ను పేరుతోనే వెతకండి: "జీపీఐఓ17". చిప్ నంబరునూ నమ్మొద్దు. రాస్ప్‌బెర్రీ పై 5లో హెడర్ పిన్‌ల చిప్ మొదట 4గా ఉండేది, తర్వాతి కెర్నళ్లలో 0 అయింది.

లక్షణం: కొత్త టూల్‌కు మారాను, రిలే టక్కుమని పడి వెంటనే ఎగిరిపోతోంది. లేదా స్క్రిప్టు ఆ లైను దగ్గరే ఆగిపోతోంది

చాలామంది ఇక్కడే విసిగి పాత దారికి వెళ్లిపోతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాత పద్ధతిలో పిన్‌కు 1 రాసి స్క్రిప్టు వెళ్లిపోయినా పిన్ అలాగే ఉండేది. ఎవరిదీ కాని పిన్ అది. స్క్రిప్టు మధ్యలో చచ్చిపోయినా మోటారు తిరుగుతూనే ఉండేది, ట్యాంకు పొర్లేది. కొత్త పద్ధతిలో పిన్‌కు ఒక యజమాని ఉంటాడు. పిన్‌ను అడిగి తీసుకున్న ప్రోగ్రామ్ బతికున్నంత సేపే అది దానిది. ప్రోగ్రామ్ ముగిస్తే పిన్ విడుదలవుతుంది, ఆ తర్వాత ఏ స్థితిలో ఉంటుందన్న హామీ లేదు.

"జీపీఐఓసెట్" పాత 1.6 వెర్షన్‌లో, అంటే డెబియన్ 12లో ఉన్నదాంట్లో, విలువ పెట్టి వెంటనే బయటకొస్తుంది. అందుకే ఆ టక్కు. 2వ వెర్షన్‌లో పిన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. అందుకే మీ స్క్రిప్టు ముందుకు కదలదు. రెండూ బగ్‌లు కావు.

పరిష్కారం: విడివిడి కమాండ్లు మానేసి, పిన్‌ను మొదట్లో ఒకసారి అడిగి తీసుకుని చివరిదాకా వదలని చిన్న ప్రోగ్రామ్ రాయండి. నాది పైథాన్‌లో నలభై లైన్లు, సిస్టమ్‌డీ సర్వీస్‌గా, అంటే సిస్టమే వెనకాల నడిపే ప్రోగ్రామ్‌గా, నడుస్తోంది. రాసేముందు లైబ్రరీ వెర్షన్ చూసుకోండి, 1కీ 2కీ పైథాన్ పిలుపులు వేరు. షెల్ స్క్రిప్టే కావాలంటే లిబ్‌జీపీఐఓడీ 2.2తో వచ్చిన "జీపీఐఓ-మేనేజర్" మీ తరఫున పిన్‌ను పట్టుకుంటుంది.

ఇంకొక్క మాట. ప్రోగ్రామ్ పిన్‌ను వదిలేసినప్పుడు మోటారు ఆగే వైపే ఉండాలి. ఇది సాఫ్ట్‌వేర్ పని కాదు, రెసిస్టర్ పని. నా రిలే బోర్డు పిన్ విలువ 0 అయితే ఆన్ అయ్యే రకం, అందుకే ఎవరూ పట్టుకోనప్పుడు పిన్‌ను 1 వైపు లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్ వేశాను.

లక్షణం: డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ

ఆ పిన్ ఇంకొకరి చేతిలో ఉంది. "జీపీఐఓఇన్ఫో"లో ఆ లైను పక్కన "సిస్‌ఎఫ్ఎస్" అని ఉంటే పాత స్క్రిప్టు ఏదో ఎక్స్‌పోర్ట్ చేసి వదిలేసింది. అన్‌ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ స్క్రిప్టును బూట్ నుంచి తీసేయండి. రెండు దారుల్నీ ఒకే పిన్ మీద కలపొద్దు.

లక్షణం: క్లాస్ కింద జీపీఐఓ ఫోల్డరే లేదు

కెర్నల్ కట్టినప్పుడు "కాన్ఫిగ్ జీపీఐఓ సిస్‌ఎఫ్ఎస్" ఆపేశారు. దానికోసం కెర్నల్‌ను మళ్లీ కట్టకండి, కోడ్‌నే మార్చుకోండి.

లక్షణం: "ఫెయిల్డ్ టు యాడ్ ఎడ్జ్ డిటెక్షన్"

ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ అనే పైథాన్ లైబ్రరీ ఎడ్జ్‌ల (పిన్ 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారే క్షణాల) కోసం లోపల సిస్‌ఎఫ్ఎస్‌నే వాడుతుంది, అందుకే 6.6లో నంబర్లు మారాక ఈ ఎర్రర్. కోడ్ పెద్దదైతే అవే పిలుపులతో పనిచేసే ఆర్‌పీఐ-ఎల్‌జీపీఐఓ పెట్టుకోండి. కొత్తగా రాస్తుంటే లిబ్‌జీపీఐఓడీయే మేలు: ప్రతి ఎడ్జ్‌కు కెర్నలే టైమ్‌స్టాంప్ వేసి వరుసలో పెడుతుంది, 5.10 కెర్నల్ నుంచి డీబౌన్స్ (స్విచ్ అదురుతో వచ్చే తప్పుడు మార్పులను వదిలేయడం) కూడా అదే చూసుకోగలదు. నా ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టంతో లేచే స్విచ్) ఒక్కసారి పైకి లేస్తే పాత కోడ్‌లో నాలుగైదు సార్లు లేచినట్టు నమోదయ్యేది. 20 మిల్లీసెకన్ల డీబౌన్స్ పెట్టాక ఒక్కటే వస్తోంది.

సిస్‌ఎఫ్ఎస్ జీపీఐఓను 2020 తర్వాత తీసేస్తామని కెర్నల్ డాక్యుమెంట్లలోనే రాశారు. మనలాంటి వాళ్ల స్క్రిప్టులు విరుగుతాయనే ఇంకా నెట్టుకొస్తున్నారు. మీ ఫోల్డర్లలో, క్రాన్‌ట్యాబ్‌లో (వేళకు నడిచే పనుల జాబితాలో) "క్లాస్/జీపీఐఓ" అన్న పాత్ కోసం ఇవాళే గ్రెప్ (ఫైళ్లలో మాటను వెతికే కమాండ్) కొట్టి చూడండి. నా దగ్గర మోటారుదే కాక ఇంకో మూడు దొరికాయి.