కొండ మీది కట్టడాల పటం – 3వ పాఠం: గాలిగోపురం ఎత్తు

నెల్లూరు దగ్గరి నరసింహకొండ మీద వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి ప్రాకారాన్ని కిందటి పాఠంలో కాగితం మీదికి తెచ్చాం. ఇప్పుడు గోపురం ఎత్తు చూద్దాం.

కోణమానిని చదును అంచు పొడవునా ఒక స్ట్రా అతికించండి. అంచు మధ్యనున్న రంధ్రంలోంచి జానెడు నూలుదారం వేలాడదీసి, కొసకు బరువైన నట్టు కట్టండి. గుండ్రటి వైపు కిందికి ఉంచి సమంగా చూస్తే దారం 90 మీద నిలవాలి. పైకి చూసినప్పుడు 90కీ, దారం నిలిచిన అంకెకీ ఉన్న తేడాయే కోణం. ఒకరు చూడాలి, ఇంకొకరు చదవాలి. కొండ మీది గాలికి నట్టు ఊగుతూనే ఉంటుంది. ఊపు తగ్గగానే దారాన్ని వేలితో అదిమి చదవండి. మూడుసార్లు చూసి సగటు తీయండి.

చదును నేల మీదైతే లెక్క సులువు: దూరాన్ని కోణం టాన్ విలువతో (కాలిక్యులేటర్‌లో tan మీట ఇచ్చే అంకె) హెచ్చించి, కంటి ఎత్తు కలపడమే. కొండ మీద నేల వాలు కాబట్టి కంటి ఎత్తును నమ్మలేం. అందుకే శిఖరాన్ని ఒకసారి, గోపురం మొదలును ఒకసారి చూడాలి. మొదలు మీ కంటికి దిగువనుంటే రెండు ఎత్తులూ కలపండి, ఎగువనుంటే తీసేయండి. టేపును వాలు వెంట పరచకండి. 10 డిగ్రీల వాలులో 30 మీటర్లకు దాదాపు 46 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. మెట్టు మెట్టుగా, టేపు సమంగా పట్టి కొలవాలి.

ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. కలశాలు ముందుగోడ మీద ఉండవు, గోపురం మందం నడిమధ్యన ఉంటాయి. ద్వారంలోంచి నడిచి ఆ మందం కొలిచి, అందులో సగం శిఖరం దూరానికి కలపాలి. ఊరికే ఒక ఉదాహరణ: ముందుగోడకు 20 మీటర్లు, మందం 6, శిఖరానికి 40 డిగ్రీలు, మొదలుకు కిందివైపు 5 డిగ్రీలు అనుకుందాం.

శిఖరం: 23 × 0.839 (40 డిగ్రీల టాన్) = 19.3
మొదలు: 20 × 0.087 (5 డిగ్రీల టాన్) = 1.7
మొత్తం 21 మీటర్లు.

మందం మరిచిపోతే 18.5 దగ్గరే ఆగిపోతారు.

మరీ దగ్గరగా నిలబడొద్దు. 20 మీటర్ల గోపురానికి 45 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ తప్పితే 70 సెంటీమీటర్ల తేడా. 70 డిగ్రీల దగ్గర మీటరు దాటుతుంది. పైగా కలశం కనబడదు.

కొండెక్కేముందు వీధిలో 8 మీటర్ల సిమెంటు కరెంటు స్తంభాన్ని కొలిచి చూడండి. మామూలుగా ఆరో వంతు భూమిలో పాతుతారు కాబట్టి పైన 6.7 మీటర్ల దగ్గర రావాలి. అర మీటరుకు మించి తేడా వస్తే ముందు స్ట్రా వంకర చూడండి.