స్పాంజి కత్తి కొనే ముందు మొన నొక్కి చూడండి

వేసవి సెలవుల్లో పిల్లలకు ఫెన్సింగ్ నేర్పిస్తామని మా కాలనీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించగానే, మూడో అంతస్తు పెద్దాయన ఒకరు వచ్చి "స్థలం ఎక్కడ కొన్నారు బాబూ?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. ఫెన్సింగ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది రాతి స్తంభాలు, ముళ్ల తీగ. ఇది కత్తిసాము లాంటి ఆట అని చెప్పాక ఆయన కంగారు ఇంకా పెరిగింది. "మెత్తటి స్పాంజి కత్తులండీ, ఏమీ కాదు" అని సర్దిచెప్పాను. ఆ మాట ఎంత తొందరపడి అన్నానో మొదటి వారంలోనే తెలిసింది.

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆరు కత్తులూ చూడముచ్చటగా ఉన్నాయి. వెండి రంగు, నల్లటి పిడి. రెండో రోజు ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు గోడను ప్రత్యర్థిగా పెట్టుకుని పొడుస్తున్నాడు. కాసేపటికి గోడ సున్నం మీద చిన్న చిన్న గుండ్రటి గుర్తులు కనిపించాయి, రూపాయి బిళ్లలో సగం ఉంటాయేమో. దగ్గరికి వెళ్లి చూస్తే మొన దగ్గర స్పాంజి చిరిగి, లోపలి ప్లాస్టిక్ గొట్టం గోరంత బయటికి వచ్చింది. వాడికి తెలియదు. చేతిలో ఉన్నది ఇంకా స్పాంజి కత్తే అనుకుంటున్నాడు. మరో అయిదు నిమిషాల్లో వాణ్ని ఒక పాపకు ఎదురుగా నిలబెట్టేవాణ్ని.

ఆనాటి నుంచి ఏ కత్తి అయినా పిల్లల చేతికి వెళ్లే ముందు నా బొటనవేలి కిందికి రావాల్సిందే. మొనను పిడికిట్లో పట్టుకుని పైనుంచి బొటనవేలితో బలంకొద్దీ నొక్కుతాను. స్పాంజి అణిగాక లోపలి కడ్డీ అంచు వేలికి తగిలిందంటే ఆ కత్తి పక్కకు పోతుంది. తర్వాత మొనను గోడకు ఆనించి, పిడి వైపు నుంచి నెడతాను. మంచిదైతే విల్లులా వంగుతుంది, లేదా మొన ముడుచుకుపోతుంది. చెడ్డదైతే నిటారుగా నిలబడి గోడను తొలుస్తుంది. చివరగా నా తొడ మీద, ఆపైన చెంప మీద కొట్టుకుంటాను. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నా చెంప ఓర్చుకోలేనిది ఆరేళ్ల పిల్లకు ఎందుకు?

ఇంకో పరీక్షకు మా ఇంట్లో గాజుల పెట్టె పనికొచ్చింది. రెండు–నాలుగు సైజు గాజు లోపలి వెడల్పు సుమారు 5.7 సెంటీమీటర్లు. కత్తి మొన ఆ గాజులోంచి ఇట్టే దూరిపోతే కంటిగూడులోకీ దూరగలదని లెక్క. అలాంటి కత్తిని పొడిచే ఆటకు వాడను. మట్టిగాజుతో ఈ పని చేయకండి, లోహపు గాజు తీసుకోండి.

మొన గురించి ఇంత చాదస్తం ఎందుకంటే, ఈ ఆటే మొనతో ఆడేది. ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులు. ఫాయిల్‌లోనూ ఎపేలోనూ పోటుకే పాయింటు, కత్తి పక్క తగిలితే లెక్కలోకి రాదు. సేబర్‌లో మాత్రం వేటుకూ పాయింటు ఉంది. బజారులో దొరికే ఫోమ్ కత్తులేమో, అంటే ఈ స్పాంజి కత్తులే, వేషాలకూ, నాటకాలకూ, ఊరికే కొట్టుకుని ఆడుకోవడానికీ తయారైనవి. వాటిలో స్పాంజి అంతా పక్కల చుట్టూ ఉంటుంది, మొన దగ్గర పలచన. లోపల కడ్డీ ఉన్న ఫోమ్ కత్తులతో విదేశాల్లో పెద్దవాళ్లు ఆడే యుద్ధ క్రీడల్లోనూ చాలాచోట్ల పొడవడం నిషేధం, నరకడానికే అనుమతి. కారణం ఇదే. వేటుకు చేసిన వస్తువును పోటుకు వాడితే పగిలేది మొనే.

అందుకే చిన్నపిల్లలతో ముందు సేబర్ పద్ధతిలో, అంటే భుజం మీదా చేతి మీదా తేలిగ్గా తాకించే ఆటతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. పొడవడం నేర్పాలంటే ఫోమ్ బొమ్మ కత్తి వదిలేసి, పిల్లల శిక్షణ కోసమే చేసిన మెత్తటి మొన ప్లాస్టిక్ ఫాయిల్ తెప్పించండి. దానికి జోడీగా వచ్చే మాస్కు, ఛాతీ కవచం కూడా కలిపే కొనండి. విడిగా కత్తి ఒక్కటే కొంటే సగం సామాను కొన్నట్టే.

ఇక స్పాంజి సంగతి. చెప్పుల సోలుకు వాడే ఈవీఏ అనే రకం ఒత్తుగా ఉంటుంది, త్వరగా చిరగదు, కానీ దెబ్బ కాస్త చురుక్కుమంటుంది. పరుపుల్లో వాడే స్పాంజి మెత్తన, రెండు రోజులకే పెచ్చులు ఊడుతుంది. ఈత కొలనుల్లో పిల్లలు పట్టుకుని తేలే రంగురంగుల పొడవాటి గొట్టాలు చూసే ఉంటారు, వాటిని పూల్ నూడుల్స్ అంటారు. మొదలుపెట్టడానికి నా ఓటు వాటికే. ఒకదాన్ని సగానికి కోస్తే రెండు కత్తులు. చెయ్యి పట్టే చోట మూడు నాలుగు చుట్లు బట్ట టేపు వేస్తే చాలు. పొడిస్తే ముడుచుకుపోతుంది, కొడితే చప్పుడే తప్ప దెబ్బ ఉండదు. "ఇది వంగిపోతోంది అంకుల్" అని పిల్లలు సణుగుతారు. వంగనివ్వండి. అడుగులు, దూరం అంచనా, ముందు కాలు చాచి పెద్ద అడుగు వేసి వెనక్కి రావడం, ఇవన్నీ వంగిపోయే కత్తితోనే నేర్చుకోవచ్చు.

ఒక్కటే చిక్కు. ఆ గొట్టం మధ్యలో బెజ్జం ఉంటుంది. బెజ్జం కనిపిస్తే పిల్లల చేతులు ఊరుకోవు. మా దగ్గర ఒక బాలిక కత్తి వంగకుండా ఉండాలని అందులోకి చీపురు కర్ర దూర్చింది. తెలివైన పిల్లే, కానీ ఆ క్షణంలో అది కత్తి పోయి బల్లెం అయింది. అందుకే రోజూ ఆట మొదలయ్యే ముందు గొట్టాలన్నీ ఒకసారి వంచి చూడటం నాకు అలవాటైంది.

ఇంట్లో తయారుచేసేవాళ్లు చాలామంది పీవీసీ పైపు చుట్టూ ఏసీ పైపులకు తొడిగే నల్ల స్పాంజి గొట్టం తొడిగి, పైన టేపు చుడతారు. చూడటానికి బలంగా ఉంటుంది. ఆ బలమే భయం. పీవీసీ ఎండలో పెళుసెక్కుతుంది, విరిగితే పలుగులా కోసుగా విరుగుతుంది. విరిగిన సంగతి పైనున్న టేపు దాచేస్తుంది. ఫైబర్ గ్లాస్ కడ్డీ అయితే కంటికి కనిపించని నూగు పుల్లలు చర్మంలో దిగుతాయి. వెదురు చీలుతుంది. చిన్నపిల్లల కత్తిలో కడ్డీయే వద్దు అన్నది నా మాట.

విరిగిన కత్తి ఏం చేయగలదో ఈ ఆటకు బాగా తెలుసు. 1980 మాస్కో ఒలింపిక్స్ ఫాయిల్ విజేత వ్లదిమిర్ స్మిర్నోవ్ 1982లో రోమ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడుతుండగా ప్రత్యర్థి కత్తి విరిగింది. విరిగిన కొస మాస్కు జాలీని చీల్చుకుని కంటి వైపు నుంచి మెదడుకు చేరింది. కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ తర్వాతే మాస్కుల జాలీ, కత్తుల ఉక్కు, దుస్తుల బట్ట అన్నిటి ప్రమాణాలూ కట్టుదిట్టం చేశారు. తల్లిదండ్రులను బెదరగొట్టడానికి ఇది చెప్పడం లేదు. ఈ రోజు జాలీ మాస్కును 12 కిలోల బలంతో కోసు మొన పరికరాన్ని గుచ్చి పరీక్షిస్తున్నారంటే దాని వెనక ఒక ప్రాణం ఉంది.

మాస్కు దగ్గర నేను ఎవరితోనూ బేరమాడను. "స్పాంజికి కూడా మాస్కెందుకండీ, ఉక్కపోస్తుంది పిల్లలకు" అని ఒక తల్లి అడిగారు. జపాన్‌లో పుట్టిన స్పోర్ట్స్ చాంబరా అనే ఆటలో గాలి నింపిన మెత్తటి కత్తులు వాడతారు. అక్కడ కూడా ముఖానికి మాస్కు లేకుండా బరిలోకి రానివ్వరు. పైగా కత్తి మెత్తన అని తెలిసిన పిల్లలు ఇంకా గట్టిగా కొడతారు. కర్ర పట్టుకున్నప్పుడు ఉండే జంకు స్పాంజి పట్టుకున్నప్పుడు ఉండదు.

క్రికెట్ హెల్మెట్ పెడితే సరిపోదా అంటే, దాని గ్రిల్ బంతిని ఆపడానికి చేసింది. సన్నటి మొన ఆ సందులోంచి దూరుతుంది. ఈత కళ్లద్దాలూ, బండి హెల్మెట్ అద్దమూ కూడా ఈ పనికి చేసినవి కావు. కళ్లజోడు ఉన్న పిల్లలకు జోడు మీద పట్టే మాస్కు చూడండి, జోడు తీసేసి ఆడించకండి. మాస్కు తొడిగాక పిల్లను కిందికి వంగమనండి, తల అటూ ఇటూ ఊపమనండి. జారిందంటే వెనక పట్టీ బిగించాలి, లేదా సైజు మార్చాలి. గడ్డం కింద గొంతును కప్పే బట్ట ఉందో లేదో కూడా చూడండి, చాలామంది చూడనిది అదే. ఇంకో మాట. ప్లాస్టిక్ శిక్షణ సెట్టుతో వచ్చే మాస్కు ఆ సెట్టు కత్తికే. ఇంట్లో అన్నయ్య దగ్గర లోహపు ఫాయిల్ ఉంది కదా అని ఆ మాస్కుతో దాని ముందు నిలబెట్టకూడదు, ఒక్క నిమిషమైనా.

ఒక నాన్నగారు భవానీ దేవి కథ చెప్పి నన్ను నిలదీశారు. టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారత ఫెన్సర్, చెన్నై అమ్మాయి, మొదట్లో వెదురు కర్రలతో సాధన చేసింది కదా, మనకెందుకు ఇన్ని హంగులు అని. నిజమే, చేసింది. అసలు కత్తులు ఖరీదైనవి కాబట్టి పోటీలకు దాచుకుని, సాధనకు కర్ర పట్టింది. లేమిలో చేసిన సర్దుబాటును కాలనీ శిబిరంలో ఆరేళ్ల పిల్లలకు పద్ధతిగా పెట్టలేం అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టే తలూపారు కానీ, మర్నాడు మాస్కు కొన్నాక గాని నాకు నమ్మకం కుదరలేదు.

కొనేటప్పుడు పెట్టె మీద రాతలు చదవండి. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు ఉంటే బొమ్మగా పరీక్షలు దాటిందని అర్థం, ఫెన్సింగ్‌కు పనికొస్తుందని కాదు. బొమ్మ కత్తిలాగే ఉండి "అలంకరణకు మాత్రమే" అనో, పెద్దలకు అనో రాసి ఉంటే ఆ మాటను గౌరవించి వదిలేయండి. మూడేళ్లలోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇంట్లో ఉంటే, వాళ్లు స్పాంజిని కొరికి ముక్క మింగుతారన్నది గుర్తుంచుకోండి.

లైట్లు వెలిగే కత్తులంటే నాకు ఒళ్లు మంట. జాతరల్లో, మాల్స్‌లో పిల్లలు మారాం చేసేది వీటికే. వాటిలో చాలావాటికి గుండీ బ్యాటరీలు వేస్తారు. ఆ బిళ్ల మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ మూతకు స్క్రూ లేని కత్తిని ఇంట్లోకి రానివ్వకండి. మింగినట్టు అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పొడవు విషయంలో పెద్ద శాస్త్రం లేదు. నేలకు ఆనిస్తే పిల్ల నడుము దాటకుండా ఉంటే చాలు. బరువు మాత్రం వంటింటి కాటా మీద పెట్టి చూస్తాను. పెద్దల ఫాయిల్ బరువే 500 గ్రాములకు మించకూడదని నియమం. చిన్నపిల్లల ఫోమ్ కత్తి 200 గ్రాములు దాటితే మణికట్టు అలసిపోయి, కత్తి ఎటు పడితే అటు పోతుంది.

ఆడే చోటుకు వస్తే, అసలు బరి 14 మీటర్ల పొడవు, మీటరున్నర నుంచి రెండు మీటర్ల వెడల్పు. సెల్లారులో అంత దొరకదు. సుద్దతో ఆరు మీటర్ల గీత గీసినా సరిపోతుంది. పక్క జంటకు మాత్రం కనీసం రెండు మీటర్ల దూరం ఉంచండి. కార్ల అద్దాలకూ మెట్లకూ దూరంగా జరగండి. టైల్స్ మీద సాక్సులతో అస్సలు వద్దు. మే నెలలో ఉదయం ఎనిమిది దాటాక మాస్కు పెట్టి ఆడించడం పిల్లలను ఆవిరి మీద ఉడికించడమే. ఆరింటికి మొదలుపెట్టి, పది నిమిషాలకోసారి మాస్కు తీయించి నీళ్లు తాగించండి. మాస్కు తీసిన క్షణంలో కత్తులన్నీ నేల మీద ఉండాలి. నా అనుభవంలో దెబ్బలు తగిలేది పోటీ నడుస్తున్నప్పుడు కాదు, "ఆగు" అన్న తర్వాత ఒకరు ఆగి ఒకరు ఆగనప్పుడు. అందుకే మొదటి రోజు కత్తి ఇవ్వకుండా ఈల వినగానే బొమ్మల్లా నిలబడే ఆట ఒక్కటే ఆడిస్తాను.

ఎంత చూసుకున్నా కంటికి తగిలిందనుకోండి. రుద్దనివ్వకండి, నొక్కకండి. చుక్కల మందులూ, చనుబాలూ, పసుపు నీళ్లూ ఏవీ వేయకండి. ఏదైనా గుచ్చుకున్నట్టు అనిపిస్తే కడగవద్దు, గుచ్చుకున్నదాన్ని లాగవద్దు. కాగితం కప్పు ఒకటి కంటికి తగలకుండా పైన బోర్లించి, టేపు అంటించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైకి ఏ గాయమూ లేకపోయినా సరే, చూపు మసకబారినా, నల్లగుడ్డు ముందు ఎర్రటి పొర కనిపించినా, పిల్ల వాంతి చేసుకున్నా, మత్తుగా ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

సాయంత్రం కత్తులు సర్దేటప్పుడు కారు డిక్కీలోనో, ఎండ పడే బాల్కనీలోనో పెట్టకండి. స్పాంజి గట్టిపడి పొడిగా రాలుతుంది. మేము లోపలి గది తలుపు వెనక పిడి కిందికి, మొన పైకి ఉండేలా నిలబెడతాం. చిరిగిన మొనకు టేపు చుట్టి ఇంకో నెల లాగించాలని మా వాళ్లకూ అనిపిస్తుంది. అందుకే చిరిగినదాన్ని అక్కడికక్కడే కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేస్తున్నాం.