ఇంటెల్ నుంచి ఆర్మ్‌కు: షేర్డ్ లైబ్రరీలు మార్చే ముందు జాగ్రత్తలు

సర్వర్లు ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి ఆర్మ్ ప్రాసెసర్లకు మారుతున్నాయనగానే టీములో ఎవరో ఒకరు "ఏముంది, ఇంకోసారి కంపైల్ చేస్తే సరి" అంటారు. జావా, పైథాన్ కోడ్ వరకు అది చాలామటుకు నిజమే. పేచీ అంతా సీ, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఎస్‌వో ఫైళ్ల దగ్గర, అంటే ప్రోగ్రాములు నడిచేటప్పుడు లోడ్ చేసుకునే షేర్డ్ లైబ్రరీల దగ్గర. కంపైల్ ఎర్రర్ వస్తే సంతోషించండి, తప్పు అక్కడే దొరికినట్టు. టెన్షన్ పెట్టేది కిక్కురుమనకుండా బిల్డ్ అయిపోయిన ఫైలే.

పని మొదలుపెట్టకముందే బయటినుంచి తెచ్చుకున్న రెడీమేడ్ ఎస్‌వో ఫైళ్లు ఎన్నున్నాయో లెక్క తీయండి. వాటిలో ఒక్కదానికైనా సోర్సూ లేక, ఆర్మ్ బిల్డూ లేకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఇంటెల్ మెషీన్ మీదే కూర్చుని ఆర్మ్ కోసం బిల్డ్ చేస్తుంటే (క్రాస్ కంపైల్), మీ మెషీన్ సరుకు బిల్డ్‌లోకి దూరకుండా చూసుకోవాలి. ఆర్కిటెక్చర్ కలవని లైబ్రరీ ఎదురైతే లింకర్ (కంపైలైన ముక్కలను కలిపే ప్రోగ్రాం) దాన్ని వదిలేసి ముందుకు పోతుంది, చివరికి లైబ్రరీ దొరకలేదంటుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, మనకు పిచ్చెక్కుతుంది. హెడర్ ఫైళ్లకు ఆ మాత్రం కాపలా కూడా లేదు, ఇంటెల్‌వి దూరినా ఎవరూ ఆపరు. కాబట్టి టార్గెట్ కోసం వేరే సిస్‌రూట్ (ఆర్మ్ హెడర్లు, లైబ్రరీలు ఉండే ఫోల్డర్) పెట్టుకుని, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ప్యాకేజ్ కాన్ఫిగ్ టూల్ కూడా అందులోనే వెతికేలా కట్టడి చేయండి. ఆ సిస్‌రూట్‌ను మీరు నడపబోయే మెషీన్లలో అన్నిటికన్నా పాత లినక్స్ డిస్ట్రో నుంచి తీసుకోండి. జీలిబ్‌సీ (లినక్స్‌లోని మూల సీ లైబ్రరీ) 2.34 మీద లింక్ చేసిన లైబ్రరీని 2.31 ఉన్న సర్వర్‌లో పెడితే, చాలాసార్లు లోడ్ కావడానికే ఒప్పుకోదు.

ఇక కోడ్. లినక్స్‌లో ఒక బైట్ పట్టే క్యార్ టైపు ఇంటెల్ మీద సైన్డ్ (మైనస్ విలువలూ పడతాయి), ఆర్మ్ మీద అన్‌సైన్డ్ (పడవు). ఒక్కో అక్షరం చదివే గెట్‌క్యార్ ఫంక్షన్ ఇచ్చిన విలువను క్యార్‌లో దాచి, ఫైలు అయిపోయిందా అని మైనస్ ఒకటితో పోల్చే పాత లూప్‌లు ఎన్ని చోట్ల ఉంటాయో! ఇంటెల్ మీద అది నడిచిపోతుంది, మధ్యలో 255 విలువున్న బైట్ తగిలితే మాత్రం ముందే ఆగిపోతుంది. ఆర్మ్ మీద ఆ మైనస్ ఒకటి 255గా మారిపోతుంది కాబట్టి లూప్ ఎప్పటికీ ఆగదు. కంపైలర్‌కు సైన్డ్ క్యార్ ఫ్లాగ్ పెట్టి తాత్కాలికంగా గట్టెక్కవచ్చు. నా మటుకు నేను ఆ వేరియబుల్‌ను ఇంట్‌గా మార్చడమే మేలంటాను.

మెమరీని కెర్నల్ విభజించే ముక్క, అంటే పేజీ సైజు 4 కేబీయే అని కోడ్‌లో ఎక్కడా రాసి ఉండకూడదు. రాస్ప్‌బెర్రీ పై 5లో డిఫాల్ట్ కెర్నల్ 16 కేబీ పేజీలు వాడుతుంది. 4 కేబీకి బిల్డ్ చేసిన జెమాలాక్ (మెమరీ కేటాయించే లైబ్రరీ) అక్కడ మొరాయిస్తుంది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే యాప్‌లకు 16 కేబీ సపోర్ట్ ఉండాలని 2025 నవంబర్ 1 నుంచి గూగుల్ ప్లే నిబంధన కూడా పెట్టింది. ఆండ్రాయిడ్‌కు సీ కోడ్ బిల్డ్ చేసే ఎన్‌డీకే 28 నుంచి 16 కేబీకి సరిపడే అలైన్‌మెంట్ (ఫైల్లోని భాగాల అమరిక) డిఫాల్ట్‌గానే వస్తుంది. పాత ఎన్‌డీకేతో బిల్డ్ చేసి ఎవరో ఇచ్చిన ఎస్‌వోకు మాత్రం అది వర్తించదు.

బిల్డ్ అయ్యాక రీడ్‌ఎల్ఫ్ అనే కమాండ్‌తో ఫైలును విప్పి చూడండి. మెషీన్ అన్న వరుసలో AArch64 (64 బిట్ ఆర్మ్) ఉందా, మిగతా లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే రన్‌పాత్‌లో మీ ల్యాప్‌టాప్ ఫోల్డర్ పేరేమైనా మిగిలిపోయిందా అన్నది చూస్తే చాలు, సగం అనుమానాలు తీరతాయి.

థ్రెడ్లు వాడే లైబ్రరీకి ఇంటెల్ మీద ఆర్మ్‌ను అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌తో చేసే పరీక్ష చాలదు. ఒక థ్రెడ్ మెమరీలో రాసినవి మిగతా థ్రెడ్లకు కనబడే వరుస ఆర్మ్‌లో ఇంటెల్‌లో ఉన్నంత కట్టుదిట్టంగా ఉండదు, ఎమ్యులేటర్‌లో ఆ తేడా సరిగా బయటపడదు. కోర్లు ఎక్కువున్న అసలు ఆర్మ్ మెషీన్ దొరికించుకుని, పూర్తి లోడ్ పెట్టి రాత్రంతా నడపండి.